కుడిచేతికి పనిలేని ఆట

గోల్ఫ్‌లో కుడి చెయ్యి పెత్తనం చెయ్యకూడదట. ఎడమ చెయ్యి కర్రని నడిపిస్తుంటే కుడి చెయ్యి పక్కన ఊరికే తోడుండాలట, పెళ్ళిలో తోడపెళ్ళికొడుకులాగా. మా కోల్డ్ స్టోరేజీ వెనక నల్లరేగడి చేలో, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కోచ్ ఈ సంగతి నాకు చెప్పేనాటికే నా కుడి చెయ్యి పని చెయ్యడం మానేసి కొన్ని నెలలైంది. కాబట్టి నా అంత గొప్ప శిష్యుడు అతనికి ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు.

ముందు ఆ చెయ్యి గురించి చెప్పాలి. నేను గుంటూరు మిర్చి యార్డులో కాయ చూసేవాణ్ణి. ఎండుమిరపకాయని మేము కాయ అనే అంటాం, మా దృష్టిలో లోకంలో ఇంకో కాయ లేదు. ఒక ఎగుమతి వ్యాపారి దగ్గర పని. పొద్దున్నే యార్డులో రైతులు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మూతి విప్పి వరసగా నిలబెట్టి ఉంటాయి. నేను వెళ్ళి టిక్కీలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, లోపలి నుంచి గుప్పెడు కాయ పట్టి పిడికిలి బిగిస్తాను. బాగా ఆరిన కాయ గలగలమంటుంది, పిడికిలి విప్పగానే మళ్ళీ పొంగుతుంది. తేమ ఉన్న కాయ నోరు మెదపదు, నలిగింది నలిగినట్టే పడుంటుంది. పైన ఎండుగా కనపడుతూ లోపల మెత్తగా ఉండే టిక్కీలు బోలెడు. వాటిని పట్టుకోవడమే నా ఉద్యోగం. తేమ చూసే మిషన్లు వచ్చి చాలా కాలమైంది. అయినా మా యజమాని, ముందు మావాణ్ణి చెయ్యి పెట్టనీండి, తర్వాత మీ మిషన్లు, అనేవాడు. ఆ మాట మీద నేను ముప్ఫయ్యేళ్ళు బతికాను. నాకు అన్నం పెట్టిందీ ఆ మాటే, పొగరు నేర్పిందీ ఆ మాటే.

చూసిన కాయ గురించి నోటితో చెప్పే అలవాటు కూడా నాకు లేదు. గుప్పిట్లో కాయని తిరిగి టిక్కీలో వేశానంటే సరుకు బాగున్నట్టు. నేల మీద పడేసి ముందుకి నడిచానంటే వద్దన్నట్టు. నేను పడేస్తే పక్క కొట్టువాళ్ళు కూడా ఆ టిక్కీ జోలికి వెళ్ళడానికి ఒకసారి ఆలోచించేవాళ్ళు. అప్పుడు నా నడక చూడాలి. మా ఆవిడ ఒకసారి ఏదో పని మీద యార్డుకి వచ్చి ఆ నడక చూసి, ఇంటికొచ్చాక రెండు రోజులు నవ్వింది.

అలాంటి చెయ్యి ఒక చలికాలం పొద్దున నాకు చెప్పకుండా వెళ్ళిపోయింది. చొక్కా బొత్తాం పెట్టుకోబోతే దొరకలేదు. బొత్తాం ఎక్కడికీ పోలేదు, వేళ్ళు కూడా కళ్ళముందే కదులుతున్నాయి, కానీ బొత్తాన్ని ముట్టుకున్న కబురు నాదాకా రావడం లేదు. బిగిద్దామంటే పిడికిలి సగంలో ఆగిపోతోంది. బ్రాడీపేటలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన సుత్తిలాంటిదేదో పెట్టి మోచేతి మీదా మోకాలి మీదా కొట్టి, ఫొటోలు తీయించి, మెడలో నరం ఒత్తుకుపోయిందన్నాడు. తప్పు మెడదయితే శిక్ష చేతికేమిటండీ అని అడిగాను. నవ్వి మాత్రలు రాశాడు. పిసకడానికి ఒక రబ్బరు బంతి కొనుక్కోమన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, తల విసురుగా తిప్పొద్దన్నాడు. స్పర్శ తిరిగొస్తుందా అంటే రావచ్చన్నాడు. ఎప్పుడంటే చూద్దామన్నాడు. రాకపోతే అంటే కూడా చూద్దామే అన్నాడు.

ఈ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియకూడదని తీర్మానించాను. బొత్తాలు ఆమే పెట్టేది. అన్నం కలిపి, ప్లేటులో చెంచా వేసి ఇచ్చేది. యజమానికి చెప్పెయ్యరాదూ, ఇన్నేళ్ళ మనిషివి, ఆయనేం చేస్తాడు, అని పోరేది. ఏం చేస్తాడో నాకు తెలుసు. కాయ చూసేవాడికి చెయ్యి పోయిందని పొద్దున తెలిస్తే మధ్యాహ్నానికి ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. నా మీద గౌరవం కొద్దీ నన్ను తీసెయ్యరు. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర నీడన కుర్చీ వేసి, వచ్చేపోయే లారీలకి చెయ్యి ఊపమంటారు. ఆ కుర్చీ తలుచుకుంటే నాకు భయం వేసేది. సిగ్గు విడిచి చెప్తున్నాను, చెయ్యి పోయినందుకు కన్నా ఆ కుర్చీకే ఎక్కువ భయపడ్డాను.

అందుకని యార్డులో నాటకం మొదలుపెట్టాను. కుడిచేత్తో ఫోను చెవికి ఆనించుకుని, ఎవరితోనో అర్జంటుగా మాట్లాడుతున్నట్టు, ఎడమ చెయ్యి టిక్కీలో దూర్చేవాణ్ణి. ముప్ఫయ్యేళ్ళు ఊరికే కూర్చున్న ఆ చేతికి కాయ సంగతి ఏం తెలుస్తుంది. సగం రంగు చూసి, సగం చప్పుడు విని, మిగతాది రైతు మొహం చూసి తేల్చేవాణ్ణి. మొదటివారంలోనే అద్దంకి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడ్డం తిరిగాడు.

“ఎడం చెయ్యి పెడతావేంటయ్యా నా కాయలో? పొద్దున్నే బోణీ సరుకు మీద ఎడం చెయ్యేంటి?”

ఫోను మాట్లాడుతున్నానని కళ్ళతో చెప్పాను. నా ఫోనుతో ఆయనకేం పని. టిక్కీ మూతి కట్టేసి, మీకు అమ్మనే అమ్మనని, మా యజమాని కూర్చునే కొట్టుదాకా వెళ్ళి గొడవపడ్డాడు. ఆ రోజు నా పని అయిపోయిందనుకున్నాను. చిత్రం, యజమాని నన్ను ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఇంకే రైతూ నా ఎడమచేతిని చూసి మాట్లాడలేదు. ఫోను నాటకం పండిందన్నమాట అనుకుని నా తెలివికి నేనే మురిసిపోయాను.

సరిగ్గా ఈ సమయంలో మా యజమానికి గోల్ఫ్ పట్టుకుంది.

ఆయన కొనుగోలుదార్ల పిలుపు మీద విదేశం వెళ్ళాడు. వాళ్ళంతా పొద్దున్నే పచ్చిక మీద కర్రలు పట్టుకుని బంతి కొడుతూ, నడుమ నడుమ మిర్చి ధర మాట్లాడుకున్నారట. ఈయన్ని ఒక చిన్న బండిలో కూర్చోబెట్టి చేతికి నీళ్ళసీసా ఇచ్చారట. బేరాలన్నీ బండికి వంద అడుగుల అవతల జరిగిపోయాయని తిరిగొచ్చాక నెల్లాళ్ళు ఉడికిపోయాడు. రెండో కోల్డ్ స్టోరేజీకని ఉంచుకున్న చేలో పల్లేరు కొట్టించి, ఒక చివర చాపలు పరిపించి, రెండు వైపులా వల కట్టించి, గోల్ఫ్ ప్రాక్టీసు అన్నాడు. ఆదివారాలు పొద్దున్నే కోచ్‌ని రప్పించే ఏర్పాటు చేశాడు.

నల్లరేగడికీ గోల్ఫ్‌కీ ఉన్న సంబంధం అందరూ ఊహించుకోవచ్చు. ఎండలు ముదిరేసరికి నేల నెర్రెలిచ్చింది. చక్కగా వెళ్ళిన బంతి నెర్రెలో దిగిపోయేది, ఇక దాని మొహం మళ్ళీ చూసేది లేదు. వంకరగా వెళ్ళిన బంతి వల మీదుగా ఎడమవైపు కల్లంలో పడేది. అక్కడ ఒక రైతు కాయ ఆరబోసి ఉండేవాడు, పదిమంది ఆడవాళ్ళు కూర్చుని ఏరుతుండేవాళ్ళు. రంగు పోయి తెల్లబడిన కాయని తాలు అంటారు, దాన్ని వేరే కుప్ప పోస్తారు. మొదట్లో వాళ్ళు మా బంతుల్ని కూడా ఆ తాలు కుప్పలోకే విసిరారు. తెల్లగా ఉంది, కాయ కాదు, మరెక్కడ వేస్తారు.

ఆట నేర్చుకోవడానికి ఆయన తనకి తోడు ఇద్దర్ని ఎంచుకున్నాడు. ఒకరు ఆయన బావమరిది, చీమకుర్తిలో గ్రానైటు కోత కోయించే మనిషి. రెండోది నేను.

“నువ్వు రావయ్యా. చేతి పనేగా, నీకు ఇట్టే వచ్చేస్తుంది,” అన్నాడు.

అది కర్రని రెండు చేతులతో పట్టుకుని ఒంట్లో శక్తంతా పెట్టి విసిరే ఆట అని టీవీలో చూసి ఉన్నాను. నా కుడిచేతిలోంచి ఆ కర్ర జారి ఎవరి నెత్తినో పడుతుంది, అంతటితో అన్నీ బయటపడతాయి. మెడనొప్పి అన్నాను. ఆటలో మెడ కదపక్కర్లేదట అన్నాడు. డాక్టరుకి ఫోను చేసి అడిగితే, బరువు లేని కర్రయితే పరవాలేదు, తల మాత్రం కదపకుండా ఆడండి అన్నాడు. తప్పించుకోవడానికి ఒక్క జబ్బు కూడా నాకు సాయపడలేదు.

మొదటి ఆదివారం కోచ్ మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. ముప్ఫై దాటని కుర్రాడు, తెల్లటోపీ, అందరినీ సార్ అనే పిలుస్తాడు. బంతి సంగతి తర్వాత సార్, ముందు చేతులు, అన్నాడు. ఎడమ చేతిలో కర్ర అరచేతి నడుమ కాకుండా వేళ్ళ మొదళ్ళ మీద పడుకోవాలి. వేళ్ళు మూసి బొటనవేలిని కర్ర వెంబడి కిందికి చాపాలి. కుడి చెయ్యి దాని కిందుగా వచ్చి, అరచేతి గుంటతో ఎడమ బొటనవేలిని కప్పాలి. కుడి చిటికెనవేలికి కర్రతో పనే లేదు, అది ఎడమచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ సందులో ఎక్కి కూర్చోవాలి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత కుడి భుజం వైపు చూడాలి. ఇదంతా చెప్పి, ఎంత గట్టిగా పట్టుకోవాలో మీరే పట్టి చూపించండి అన్నాడు.

బావమరిది రెండు అరచేతుల్లోనూ తుపుక్కుమని ఉమ్మేసుకుని రుద్దుకున్నాడు. గడ్డపార పట్టేముందు మా వైపు ఎవరైనా చేసే పనే. కోచ్ మాత్రం తన కొత్త కర్ర వంక చూసుకుని ఒక్కక్షణం కళ్ళు మూసుకున్నాడు. ఆ కర్రని బావమరిది పట్టిన పట్టుకి వేళ్ళు తెల్లబడ్డాయి. కొడితే బంతి కల్లంలో పడింది. యజమాని పట్టుకుంటే ముంజేతి మీద నరాలు తేలాయి. బంతి అదే కల్లంలో ఇంకో మూల పడింది. ఇద్దరికీ ఒకే జబ్బు సార్, అన్నాడు కోచ్. కుడి చెయ్యి ఊరుకోవడం లేదు. బంతి దగ్గరికి రాగానే అది ముందుకి దూకి కర్ర మొహాన్ని తిప్పేస్తోంది. మూత తీసిన టూత్‌పేస్టు ట్యూబుని పేస్టు బయటికి రాకుండా ఎలా పట్టుకుంటారు, అలా పట్టుకోవాలి.

బావమరిదికి ఇది బొత్తిగా నచ్చలేదు. అన్నం తినే చేతిని పక్కన కూర్చోబెట్టడమేంటి, ఇదేం ఆట, అన్నాడు. నాకు మాత్రం ఆ మాట వింటూనే లోపల ఎక్కడో ఒక దీపం వెలిగింది.

నా వంతు వచ్చింది. ఎడమచేత్తో గట్టిగానే పట్టుకున్నాను. కుడి చేతిని తెచ్చి ఎక్కడ పెట్టమన్నాడో అక్కడ పెట్టాను. అది అక్కడ పడుకుంది. బిగిద్దామన్నా బిగిసేది కాదు. తల కదపకుండా, డాక్టరుని తలుచుకుని, కర్ర వెనక్కి ఎత్తి వదిలాను. బంతి టక్కుమని లేచి, తీగ లాగినట్టు తిన్నగా పోయి దూరంగా ఒక నెర్రెలో దిగిపోయింది. కోచ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ తిన్నగానే పోయింది.

“కుడి చెయ్యి ఉందో లేదో తెలియనట్టు పెట్టారు సార్. ఇది నేర్పితే వచ్చేది కాదు,” అన్నాడు.

అది నేర్పకుండానే వచ్చిందని ఒప్పుకుని తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

అక్కణ్ణుంచి ఆదివారాలు నావే. కోచ్ నా పక్కన నిలబడి, సార్ చెయ్యి చూడండి, ఎంత హాయిగా ఉందో చూడండి, అని వాళ్ళిద్దరికీ చూపించేవాడు. ఆ హాయి ఎంత ఖరీదైందో నాకు తెలుసు. బావమరిది చీమకుర్తి నుంచి ఫోను చేసి, బాబాయ్, ఆ చెయ్యి అట్లా ఎట్లా వదిలేస్తావో కాస్త చెప్పవా, అని అడిగేవాడు. మనసులో ఏమీ పెట్టుకోకూడదు అని చెప్పేవాణ్ణి. అతను నిజంగానే పొద్దున్నే లేచి కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడట. యజమాని యార్డులో నలుగురి ముందూ, మావాడు కాయలోనే కాదయ్యా, గోల్ఫ్‌లోనూ మొనగాడే, అంటుంటే నాకు మళ్ళీ ఆ పాత నడక వచ్చేసింది.

ఇంట్లో సాయంత్రాలు రబ్బరు బంతి పిసుకుతూ కూర్చునేవాణ్ణి. అది చేతిలో ఉందని చూస్తే తెలిసేది. కళ్ళు మూసుకుంటే చేతిలో ఉన్నది రబ్బరు బంతో నిమ్మకాయో చెప్పలేను. ఒక ఆదివారం ఆట నుంచి వచ్చి, ఇవాళ వరసగా అన్ని బంతులూ తిన్నగా వెళ్ళాయని మా ఆవిడకి గొప్పగా చెప్పాను. ఆమె నా చొక్కా బొత్తాలు విప్పుతోంది.

“బంతి తిన్నగా పోతోందంటే చెయ్యి ఇంకా రాలేదనేగా,” అంది.

ఆ మాట అనకపోతే బాగుండేది. అంతవరకూ నేను అలా ఆలోచించలేదు. ఆదివారం వచ్చే మెప్పు నాకు ఎంత తీపి అయిపోయిందంటే, అది దేనికి వస్తోందో మర్చిపోయాను. మర్నాడు యార్డులో టిక్కీలో ఎడమ చెయ్యి పెట్టి నిలబడితే ఏడుపొచ్చింది. ఫోను చెవికి మరింత గట్టిగా ఆనించుకుని అవతల ఎవరూ లేని ఫోనులో ఎవరినో కసిరాను.

ఎండాకాలం చివర్లో యజమాని ఎదురుచూస్తున్న మనిషి వచ్చాడు. ముంబయి నుంచి వచ్చే పెద్ద కొనుగోలుదారు, ఏళ్ళ తరబడి గుంటూరు కాయ కొంటున్నవాడు, గోల్ఫ్ అంటే ప్రాణం. పొద్దున చేలో ఆట, తర్వాత టిఫిను, తర్వాత కోల్డ్ స్టోరేజీలో సరుకు చూడటం అని యజమాని కార్యక్రమం వేశాడు. రెండు చోట్లా నేనే ఉండాలట. ఆటలో మా పరువు నిలబెట్టాలి, సరుకు దగ్గర నా చెయ్యి చూపించాలి. ఆ పెద్దమనిషికి మిషన్ కంటే మనిషి చెయ్యంటేనే సరదా అట. గోల్ఫ్‌లో పోయిన చెయ్యే పరువు కాపాడుతుంది, సరే. టిక్కీ దగ్గర ఆయన నా చేతివంకే చూస్తూ నిలబడితే ఫోను నాటకం ఎలా ఆడను?

పొద్దున చేలో ఆయన ముందుగా కొట్టాడు, బాగా కొట్టాడు. యజమాని కొట్టాడు, కల్లంలో ఆడవాళ్ళు అలవాటుగా తలలు వంచారు. ఇప్పుడు మావాణ్ణి చూడండి అని నన్ను ముందుకి తోశాడు. కోచ్ చేతులు కట్టుకుని, సొంత కొడుకు పరీక్ష రాస్తున్నట్టు నిలబడ్డాడు.

ఎడమ చెయ్యి పెట్టాను. దాని కింద కుడి చెయ్యి పెట్టాను. ఏదో తేడాగా అనిపించింది. కర్ర పిడికి తొడిగిన రబ్బరు మీద సన్నటి గళ్ళు ఉంటాయి. ఇన్ని వారాల్లో అవి ఉన్నాయని కంటితో చూశానే కానీ వేలికి తెలియలేదు. ఇప్పుడు చూపుడువేలి చివర గరుగ్గా తగులుతున్నాయి. వేలు కొంచెం జరిపాను. మళ్ళీ తగిలాయి. కొత్తగా చూపొచ్చినవాడు గోడని చూసినా చూస్తూనే ఉండిపోతాడు, నేను ఆ గళ్ళని తడుముతూ ఉండిపోయాను. వెనక నుంచి యజమాని దగ్గాడు. కర్ర ఎత్తాను. కిందికి దిగేటప్పుడు నా ప్రమేయం లేకుండా కుడి చెయ్యి బిగిసింది. ఇన్నాళ్ళ బాకీ తీర్చుకోవాలన్నంత ఆత్రంగా ముందుకి దూకింది.

బంతి వల దాటి, గిర్రున ఎడమకి తిరిగి, కల్లం మధ్యలో ఎర్రటి కాయలోకి దిగబడింది. ఒకావిడ లేచి నిలబడి మా వైపు చూసి గట్టిగా ఏదో అంది. అంత దూరం నుంచి మాటలు వినపడకపోయినా భావం బాగానే తెలిసింది.

కోచ్ పరుగెత్తుకొచ్చాడు. ఏమైంది సార్, ఎందుకంత గట్టిగా పట్టారు, ఎప్పుడూ లేనిది కుడి చెయ్యి ఎందుకు తెచ్చారు మధ్యలోకి, అని వాపోయాడు. యజమాని మొహం నల్లబడింది. ముంబయి ఆయన పెద్దమనిషి కాబట్టి ఆకాశం వైపు చూశాడు. నేను నవ్వుతున్నానని నాకు తెలియదు, బావమరిది మోచేత్తో పొడిస్తే ఆపాను. ఇంకో అవకాశం ఇచ్చారు. అదీ కల్లంలోనే పడింది. నా జీవితంలో అంత సంతోషంగా ఏ పనీ చెడగొట్టలేదు.

టిఫినులో నేను ఏం తిన్నానో గుర్తులేదు. చెంచా అడగలేదని మాత్రం గుర్తుంది.

కోల్డ్ స్టోరేజీలో బయటికి తీసిన టిక్కీలు వరసగా పెట్టారు. లోపలి చలి నుంచి బయటికొచ్చిన కాయని కొన్నాళ్ళు గాలికి వదలాలి, లేకపోతే చెమ్మ పట్టి లోపల మెత్తబడుతుంది. అది అందరికీ తెలుసు. ఆ సరుకుని ఎప్పుడు బయటికి తీశారన్నది నాకు తెలియదు. మా యజమాని మొదటి టిక్కీ వైపు చెయ్యి చూపించి, నా గురించి హిందీలో గొప్పగా రెండు ముక్కలు చెప్పాడు. ముంబయి ఆయన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఫోను జేబులోనే ఉంది. చొక్కా పైకి మడిచి కుడి చెయ్యి టిక్కీలోకి దూర్చాను. మోచేతిదాకా చల్లగా తగిలింది. గుప్పెడు పట్టి బిగించాను. వేళ్ళన్నీ మూసుకున్నాయి. కాయ గలగలమనలేదు. ఒక్కొక్క కాయా వేళ్ళ కింద మెత్తగా వంగింది, తొడిమల దగ్గర చెమ్మ వేలికి అంటింది, గోళ్ళ సందుల్లో మంట మొదలైంది. ఎన్నాళ్ళో దూరమైన మనిషి గొంతు ఫోనులో వినపడితే ఏం మాట్లాడుతున్నారో పట్టదు, గొంతు వింటూ ఉండిపోతాం. నేను అక్కడ అలాగే ఉండిపోయాను. అది ఎవరి సరుకో, ఎదురుగా ఎవరున్నారో, ఎవరు ఎవరికి అమ్ముతున్నారో ఒక్కటీ బుర్రలో లేదు.

చెయ్యి బయటికి తీశాను, కాయ నేల మీద పడేశాను, ముందుకి నడిచాను.

రెండడుగులు వేశాక కానీ ఏం చేశానో నాకు తెలియలేదు. ముంబయి ఆయనకి తెలుగు రాదు కానీ, ఇన్నేళ్ళుగా మా యార్డులో తిరుగుతున్నవాడు, నేల మీద పడ్డ కాయకి అర్థం తెలుసు. వంగి తనూ ఒక గుప్పెడు తీసి నలిపి చూశాడు. ఈ సరుకు ఆరాక మళ్ళీ వస్తానని మర్యాదగా చెప్పి, మా యజమాని చెయ్యి ఊపి, కారెక్కాడు. వెళ్ళేముందు నా చెయ్యి కూడా పట్టుకుని ఊపాడు. నేను ఆయన చేతిని వదలడానికి కొంచెం ఆలస్యం చేశాను. ఆయన ఉంగరం నాకు తగులుతోంది.

యజమాని నన్ను కారెక్కమన్నాడు, ఇంటి దగ్గర దింపుతానన్నాడు. స్వయంగా నడుపుతున్నాడు. హైవే ఎక్కాం. రెండు చోట్లా పరువు తీశాను, అదీ ఒక్క పూటలో. గేటు దగ్గర కుర్చీ నాకు స్పష్టంగా కనపడుతోంది, దాని మీద వేసిన తువ్వాలుతో సహా. చెయ్యి వచ్చిన రోజే ఉద్యోగం పోతుందంటే ఎవరికి చెప్పుకోను?

“ఎప్పుడొచ్చింది?” అన్నాడు, రోడ్డు వంకే చూస్తూ.

“ఏదండీ?”

“చెయ్యి.”

ఇవాళేనండి, అన్నాను. పొద్దున బంతి కల్లంలో పడ్డప్పుడే అనుకున్నానన్నాడు. మీకు ముందే తెలుసా అని అడిగాను. తెలియకపోవడమేంటయ్యా, యార్డులో చీమ చిటుక్కుమన్నా తెలుస్తుంది, అన్నాడు. అద్దంకి రైతు కొట్టుకి వచ్చి గొడవపడ్డ రోజే వాకబు చేశాడట. ఆ తర్వాత మన దగ్గరికి వచ్చే రైతులందరికీ, ఆయన ఎడం చెయ్యి పెడితే పట్టించుకోకండి అని గుమాస్తాతో చెప్పించాడట. నేను ఒక టిక్కీ చూసి పక్కకి తిరగ్గానే గుమాస్తా మిషన్ పెట్టి చూసేవాడట. నేను తేల్చింది తప్పయితే వాళ్ళే సర్దుకునేవాళ్ళట. చలికాలం నుంచీ అలాగే నడుస్తోందట. ఒకటి రెండుసార్లు నేను ఫోను తలకిందులుగా పెట్టుకుని మాట్లాడుతుంటే, నవ్వొద్దని హమాలీలందరికీ చెప్పాల్సి వచ్చిందట.

ఒళ్ళు మండింది. ఇన్ని నెలలు నేను వీళ్ళందరినీ బోల్తా కొట్టిస్తున్నానని మురిసిపోతుంటే, యార్డు యార్డంతా ఒకటై నన్ను బోల్తా కొట్టించింది.

“మరి నాకెందుకు చెప్పలేదండీ?” అన్నాను. గొంతు కోపంగానే వచ్చింది.

“నువ్వు చెప్పలేదుగా,” అన్నాడు.

పత్తిమిల్లులు దాటాం, టోల్ గేటు దాటాం. ఆ సరుకు నిన్ననే తీయించానయ్యా, మన మనిషివే కదా, ఒక్కసారి నా మొహం చూసి పడేసి ఉండాల్సింది, అని గొణిగాడు. ఆ గొణుగుడులో కోపం కోసం వెతికాను, ఉంది కానీ అంత లేదు. గోల్ఫ్‌కి ఇక నేను పనికిరాననీ, ఆదివారాలు రానక్కర్లేదనీ చెప్పాడు. సరేనన్నాను. తర్వాత ఏదో మామూలు సంగతి చెప్పినట్టు ఇంకొక మాట అన్నాడు.

“రేపట్నుంచి నీ వెనక మిషన్ రాదు. చూసుకుని చెయ్యి పెట్టు.”

నేను కిటికీ వైపు తిరిగాను. అవతల పొలాల్లో చూడటానికి ఏమీ లేదు, కోసేసిన మిరప మోళ్ళు తప్ప. అయినా అటే చూస్తూ కూర్చున్నాను. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే ఆయన చూడకుండా గబుక్కున తుడుచుకున్నాను. కుడిచేత్తో తుడుచుకున్నాను. యార్డులో అడుగుపెట్టిన మొదటిరోజే ఎవరైనా నేర్చుకునే సంగతి అది, కాయ ముట్టిన చెయ్యి కంటికి తగలనివ్వకూడదని. ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, రెండు కళ్ళూ కలిపి తుడిచాను.

ఇక చూసుకోండి. అమ్మో అని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ముందుకి వంగిపోయాను. ఆయన కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. ఏడుస్తున్నావా అని అడగలేదు.

“కారం పడిందా?” అన్నాడు.

“అవునండీ, కారమే,” అన్నాను.

తలుపు తీసి కిందికి దింపి, నీళ్ళసీసా మూత తీసి నా ముందు వంచాడు. నేను తడుముకుంటూ దోసిలి పట్టబోయాను.

“ఎడం చేత్తో కడుక్కోవయ్యా,” అన్నాడు.